తత్త్వశాస్త్రంలో డాక్టరేటు: పొలం అమ్మి చదవవలసిన చదువు కాదు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఊళ్ళలో ఇంజనీరింగు సీటుకు ఎంత ఖర్చవుతుందో పెద్దలకు ఎవరూ చెప్పనవసరం లేదు. ప్రతి వీధిలోనూ ఆ దారిన నడిచినవారు ఉన్నారు. ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగు, బ్యాంకు పరీక్షలు, వీటి లెక్కలు కూడా తెలిసినవే. కాని ఇంట్లో ఒక అమ్మాయి ఎం.ఏ. ముగించి, తత్త్వశాస్త్రంలో పరిశోధన చేస్తానని చెప్పిన రోజున ఆ లెక్కలేవీ అక్కరకు రావు. ఎంత కట్టాలని నాయన అడుగుతాడు. ఎన్నేళ్ళు పడుతుందని అమ్మ అడుగుతుంది. చదివి ఏం చేస్తుందని మేనమామ అడుగుతాడు.

మూడూ న్యాయమైన ప్రశ్నలే. సరిహద్దు గ్రామాల కుటుంబాలకూ ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నవి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు అనే మూడు మెట్ల చదువు రెండు చోట్లా ఒక్కటే కదా. మొదటి ప్రశ్నకు సమాధానం ముందుగానే చెప్పుకోవచ్చు. సరైన చోట, సరైన పద్ధతిలో ప్రవేశం దొరికితే విద్యార్థి కట్టేది తక్కువ, విద్యార్థికి ఇచ్చేది ఎక్కువ. ఇది పొలం అమ్మి, నగలు కుదువబెట్టి చదవవలసిన చదువు కాదు. అలా చదవవలసి వస్తున్నదంటే ఎక్కడో దారి తప్పినట్లే లెక్క.

పేరులోని పొరపాటు

పీహెచ్‌డీ అనే అక్షరాలకు పూర్తి రూపం డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ. రసాయన శాస్త్రంలో పరిశోధించినా, తెలుగు సాహిత్యంలో పరిశోధించినా పట్టా పేరు ఇదే. ఈ కారణంగానే, అన్ని పీహెచ్‌డీలూ ఫిలాసఫీయే కదా, ఇందులో కొత్త ఏమున్నదని బంధువులు అనుకొంటారు. ఇక్కడ చెప్పబోయేది పట్టా పేరులోని ఫిలాసఫీ గురించి కాదు, తత్త్వశాస్త్రం అనే ప్రత్యేక విషయంలో చేసే పరిశోధన గురించి. జ్ఞానం అంటే ఏమిటి, న్యాయం అంటే ఏమిటి, మంచి చెడులను దేనితో కొలవాలి వంటి ప్రశ్నలను గ్రంథాల ఆధారంతో, తర్కంతో విచారించే శాస్త్రం అది. భక్తి ప్రసంగం వేరు, ఇది వేరు.

తిరుత్తణి విద్యార్థికి అందిన పుస్తకాలు

ఈ శాస్త్రానికీ, ఇంటి ఆర్థిక స్థితికీ ఉన్న సంబంధం తెలుగువారికి కొత్త కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. 1960లో చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారిన సరిహద్దు పట్టణమే ఈ తిరుత్తణి. వారిది కలిగిన ఇల్లు కాదు. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలను ఇవ్వడంతో, పుస్తకాల ఖర్చు లేని ఆ విషయాన్నే వారు ఎంచుకొన్నారని జీవిత చరిత్రలు చెబుతున్నవి. మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతిపై వ్యాసం సమర్పించారు. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైనారు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉండి, 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి చేపట్టారు.

మరొకరు గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడి గ్రామంలో 1924లో జన్మించిన కొత్త సచ్చిదానందమూర్తి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, 1986లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి, అంటే యూజీసీకి ఉపాధ్యక్షులైనారు. 2001లో పద్మవిభూషణ్ అందుకొన్నారు. నేడు పరిశోధక విద్యార్థులకు వేతనం నిర్ణయించే సంస్థ ఆ యూజీసీయే.

రాధాకృష్ణన్ కాలంలో ఎం.ఏ. పట్టాతోనే అధ్యాపక పదవికి దారి దొరికింది. నేడు ఆ దారిలో పరీక్షలు, నియమాలు పెరిగినవి. వాటితో పాటు ఆనాటి విద్యార్థికి లేని నెలవారీ ఫెలోషిప్ కూడా వచ్చింది.

ఎవరు అర్హులు

పీహెచ్‌డీ ప్రవేశానికి యూజీసీ 2022 నవంబరులో కొత్త నియమావళి ప్రకటించింది. దాని ప్రకారం రెండేళ్ళ ఎం.ఏ.లో 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ళ డిగ్రీ చదివినవారైతే ఎం.ఏ. లేకుండానే, 75 శాతం మార్కులతో దరఖాస్తు చేయవచ్చు. షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయర్‌కు చెందని వెనుకబడిన తరగతులు, ఆర్థికంగా బలహీన వర్గాలు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉన్నది. ఎం.ఫిల్. అనే మధ్య మెట్టును ఈ నియమావళి తొలగించింది.

గణితమో, వాణిజ్యమో మూడేళ్ళ డిగ్రీ చదివినవారు నిరాశ పడనక్కరలేదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అంటే ఇగ్నోలో, ఏ డిగ్రీ చదివినవారైనా తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చేయవచ్చు. మదురైలో ఆ విశ్వవిద్యాలయానికి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఉద్యోగం చేస్తూనే ఈ ఎం.ఏ. పూర్తి చేయవచ్చు. అయితే ఎం.ఏ.ను దూరవిద్యలో చేయవచ్చు గాని పీహెచ్‌డీని చేయరాదు. దూరవిద్యలో పీహెచ్‌డీ ఇప్పిస్తామని ఎవరైనా చెబితే, ఆ మాట అక్కడితో ఆపివేయడం మంచిది.

కాలవ్యవధి కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 6 సంవత్సరాలు. పునర్నమోదుతో మరో 2 సంవత్సరాలు పొందవచ్చు. మహిళలకు దానిపైన ఇంకా 2 సంవత్సరాల సడలింపు ఉన్నది. ప్రసూతి సెలవు 240 రోజుల వరకు ఇస్తారు. పెళ్ళి వలన ఊరు మారవలసి వస్తే, అంతవరకు చేసిన పరిశోధనను వేరొక విశ్వవిద్యాలయానికి మార్చుకొనే వీలు కూడా నియమావళిలో ఉన్నది. చదువా, పెళ్ళా అని ఇంట్లో వాదన వచ్చినప్పుడు ఈ నాలుగు అంశాలను పెద్దల ముందు పెట్టవచ్చు. రెండింటికీ చోటు ఉండాలనే ఈ నియమాలు చేశారు.

నెట్ పరీక్ష: దారికి మొదటి గేటు

ఫెలోషిప్ కోరేవారికి అతి ముఖ్యమైనది జాతీయ అర్హత పరీక్ష, అంటే నెట్. 2018 డిసెంబరు నుండి దీనిని జాతీయ పరీక్షల సంస్థ నిర్వహిస్తున్నది. సాధారణంగా సంవత్సరానికి రెండుసార్లు, జూన్, డిసెంబరు పేర్లతో జరుగుతుంది. మొదటి పత్రంలో బోధన, పరిశోధన సామర్థ్యాలపై 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండవ పత్రంలో తత్త్వశాస్త్రంపై 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండింటికీ కలిపి 3 గంటలు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనుక ఏ ప్రశ్ననూ వదలరాదు.

ప్రశ్నలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటాయి. తమిళ మాధ్యమంలో చదివిన మన పిల్లలకు మొదటి కష్టం ఇక్కడే వస్తుంది. పాఠ్య ప్రణాళికలో న్యాయం, వైశేషికం, సాంఖ్యం, యోగం, మీమాంస, వేదాంతం, బౌద్ధ, జైన దర్శనాలు ఉన్నవి. గ్రీకు కాలం నుండి ఆధునిక కాలం వరకు పాశ్చాత్య తత్త్వం, నీతిశాస్త్రం, రాజనీతి తత్త్వం, తర్కశాస్త్రం ఉన్నవి. తిరువళ్ళువర్, నారాయణగురు, అంబేద్కర్, రాధాకృష్ణన్, మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఉన్నారు. బడిలో తిరుక్కురళ్ చదివిన పిల్లలకు ఇందులో కొంత భాగం పరిచితమే. దర్శనాల పదజాలం చాలావరకు సంస్కృతం కావడం వలన, ఇంట్లో తెలుగు విన్నవారికి అది అంత పరాయిగా తోచదు. సాధన ఎక్కువ కావలసినవి పాశ్చాత్య తత్త్వం, తర్కం. ఈ రెండింటికీ కనీసం ఒక ఏడాది కేటాయించుకోవాలి.

2024 జూన్ నుండి నెట్ ఫలితాలను మూడు మెట్లుగా ప్రకటిస్తున్నారు. మొదటి మెట్టువారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్, దానితో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశార్హత లభిస్తాయి. రెండవ మెట్టువారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, ప్రవేశార్హత ఉంటాయి గాని ఫెలోషిప్ ఉండదు. మూడవ మెట్టువారికి ప్రవేశార్హత మాత్రమే. రెండవ, మూడవ మెట్టువారి స్కోరు ప్రవేశానికి ఒక సంవత్సరం చెల్లుతుంది. ప్రవేశ నిర్ణయంలో ఆ స్కోరుకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ ఇస్తారు.

జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 సంవత్సరాలు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలు, క్రీమీలేయర్‌కు చెందని వెనుకబడిన తరగతులు, దివ్యాంగులకు 5 సంవత్సరాల సడలింపు ఉన్నది. కాబట్టి పెళ్ళి తరువాత మళ్ళీ పుస్తకం పట్టిన స్త్రీకి 35 ఏళ్ళ వరకు ఈ తలుపు తెరిచే ఉంటుంది.

ఐఐటీలకు మరొక దారి కూడా ఉన్నది. గేట్ పరీక్షలో 2021 నుండి మానవీయ, సాంఘిక శాస్త్రాల పత్రం చేర్చారు. అందులో తత్త్వశాస్త్రం ఒక విభాగం. గేట్ స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి

కోయంబత్తూరు తెలుగువారు మిల్లులు, యంత్ర కర్మాగారాలు, ఇంజనీరింగు కళాశాలలు నిలబెట్టి పేరు తెచ్చుకొన్నారు. పీఎస్‌జీ ధర్మసంస్థ 1926 నాటిది. అయితే తత్త్వశాస్త్ర పరిశోధనకు పిల్లలు సాధారణంగా ఊరు దాటవలసి ఉంటుంది. తమిళనాడులో మద్రాసు విశ్వవిద్యాలయం, అణ్ణామలై విశ్వవిద్యాలయం, ఐఐటీ మద్రాసు మానవీయ శాస్త్రాల విభాగం ఉన్నవి. పొరుగున పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఉన్నది. మదురై జిల్లా కరుమత్తూరులోని అరుళ్ ఆనందర్ కళాశాల తత్త్వశాస్త్ర బోధనకు పేరుపొందినది. తెలుగు నేలపై తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయాలు ఉన్నవి.

వీటిలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలకూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ తేడా గమనించాలి. పుదుచ్చేరి, హైదరాబాదు విశ్వవిద్యాలయాలు కేంద్రీయమైనవి. అక్కడ సీట్లు దేశమంతటి విద్యార్థులకూ సమానమే. ఆంధ్ర, వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు రాష్ట్రానివి. వాటిలో స్థానికత నియమాలు వర్తిస్తాయి. ఇంటి భాష తెలుగే అయినా, తమిళనాడులో చదివిన విద్యార్థి అక్కడ స్థానికేతరుడే అవుతాడు. ప్రకటన వెలువడినప్పుడు ఈ ఒక్క వాక్యాన్ని వెదికి చదివిన తరువాతనే దరఖాస్తు రుసుము కట్టాలి.

గైడు దొరకడం, ప్రశ్న దొరకడం

పరీక్ష నెగ్గినంత మాత్రాన సీటు దొరకదు. పర్యవేక్షించే ఆచార్యుని వద్ద ఖాళీ ఉండాలి. నియమావళి ప్రకారం ప్రొఫెసరు ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి పర్యవేక్షించరాదు. అందుచేత విభాగపు వెబ్‌సైటులో ఎవరు ఏ అంశంపై పనిచేస్తున్నారో చూసి, వారి వ్యాసాలు ఒకటి రెండు చదివి, ఖాళీ ఉన్నదా అని మర్యాదగా ఒక పేజీ ఉత్తరం రాయడం మంచి పద్ధతి. జవాబు రాకపోతే రెండు వారాల తరువాత మరొకసారి రాయవచ్చు. తెలిసినవారి సిఫారసుతో ఇంటికి వెళ్ళి పండ్లు, శాలువా ఇచ్చి రావడం కన్న ఆ ఒక పేజీ ఉత్తరానికే విలువ ఎక్కువ.

పరిశోధన ప్రతిపాదనలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. అంశాన్ని రాస్తారు గాని ప్రశ్నను రాయరు. తిరుక్కురళ్‌లోనూ వేమన పద్యాలలోనూ దానగుణం అన్నది అంశం మాత్రమే. దానం పొందేవానికి హక్కు ఉన్నదా, లేక దానం ఇచ్చేవాని పుణ్యమే అంతా ఉన్నదా, ఈ విషయంలో ఆ రెండు గ్రంథాలు ఎక్కడ ఏకీభవిస్తున్నవి, ఎక్కడ విడిపోతున్నవి అన్నది ప్రశ్న. అంశానికి సమాచారం పోగుచేస్తే చాలు. ప్రశ్నకు వాదన కావాలి. మౌఖిక పరీక్షలో ఆచార్యులు వెదికేది ఆ వాదననే.

పాత తెలుగు ఊళ్ళ పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉన్నది. తమిళ శైవ సిద్ధాంతాన్ని మూలంలో చదవగలిగి, పాల్కురికి సోమనాథుని వీరశైవాన్ని తెలుగులో చదవగలిగినవారు దేశంలో ఎందరో లేరు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలోనూ, చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ తెలుగు, తమిళ, సంస్కృత లిఖిత ప్రతులు పక్కపక్కనే ఉన్నవి. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. ఎం.ఏ. చదివే కాలంలోనే రోజుకు అరగంట కేటాయించి తెలుగు చదవడం, రాయడం నేర్చుకొంటే, ఇంటి భాష పరిశోధనకు పనిముట్టు అవుతుంది.

డబ్బు లెక్క

2023 జనవరి 1 నుండి అమలైన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్ మొదటి రెండు సంవత్సరాలకు నెలకు 37,000 రూపాయలు. ఆ తరువాత సమీక్షలో పని తృప్తికరమని తేలితే సీనియర్ ఫెలోషిప్‌గా మారి నెలకు 42,000 రూపాయలు. మొత్తం 5 సంవత్సరాలు. లెక్క కట్టి చూస్తే మొదటి 24 నెలలకు 8,88,000, తరువాతి 36 నెలలకు 15,12,000, కలిపి 24,00,000 రూపాయలు. హాస్టలు దొరకని చోట ఇంటి అద్దె భత్యం వేరు. పుస్తకాలు, ప్రయాణాల నిమిత్తం సంవత్సరానికి కొంత మొత్తం అదనం. ఈ కాలంలో జీతం వచ్చే వేరే ఉద్యోగం చేయరాదు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే దారులు మూసుకొనిపోవు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఫెలోషిప్‌లు వేర్వేరుగా ఉన్నవి. మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు మాట్లాడే అరుంధతీయుల పిల్లలు షెడ్యూల్డు కులాల ఫెలోషిప్‌ను తప్పక గమనించాలి. తోబుట్టువులు లేని ఒంటరి ఆడపిల్లలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఇస్తున్నది. తత్త్వశాస్త్రానికే ప్రత్యేకంగా 1977లో ఏర్పడిన భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలి కూడా జూనియర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఆ ప్రకటన తరచు మన ఊళ్ళదాకా రాదు. మండలి వెబ్‌సైటును మూడు నెలలకొకసారి చూస్తూ ఉండాలి.

ఇవేవీ రాక, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు మాత్రం వచ్చినవారికి నెలకు 8,000 రూపాయల నాన్‌నెట్ ఫెలోషిప్ ఉన్నది. అంటే సంవత్సరానికి 96,000. హాస్టలు, భోజనం వరకు ఇది సరిపోవచ్చు. ఇంటికి పంపడానికి మిగలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్ లేకుండా చేరినవారికి ఫీజు పెద్ద భారం కాకపోయినా, అయిదారేళ్ళ తిండి ఖర్చు, పోగొట్టుకొన్న జీతం పెద్ద భారమే. ఇంటి యజమాని లెక్క వేయవలసినది ఫీజు కాదు, ఆ సంవత్సరాలను.

భాషాపరమైన అల్పసంఖ్యాకులం కనుక మైనారిటీ ఫెలోషిప్ వస్తుందని కొందరు ఆశపడతారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మతపరమైన అల్పసంఖ్యాకుల కోసం ఉండేది. దానిని కూడా 2022లో నిలిపివేశారు. తెలుగు మాతృభాష అన్న కారణంతో ఆ పథకం మనకు ఎన్నడూ వర్తించలేదు.

ఇంకొక జాగ్రత్త. ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, డబ్బు చేతికి అందడం వేరు. చేరిక పత్రాలు, బ్యాంకు ఖాతా, నెలవారీ హాజరు ధ్రువీకరణ పూర్తయ్యేవరకు మొదటి వాయిదా రాదు. అది నెలల తరబడి ఆలస్యం కావచ్చు. ఆరు నెలల ఖర్చుకు సరిపడే పొదుపు చేతిలో ఉంచుకొని బయలుదేరడం మంచిది. కుటుంబం చేయవలసిన అసలు సాయం అదే.

ధ్రువపత్రాల చిక్కు

తమిళనాడులో పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టడం ఆచారం. తెలుగు కుటుంబాలలో ఇంటిపేరు ఉన్నది. పదవ తరగతి పత్రంలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, డిగ్రీ పట్టాలో ఇంకొక విధంగా పేరు ఉన్న పిల్లలు మన ఊళ్ళలో ఎందరో. నెట్ దరఖాస్తులో పదవ తరగతి పత్రంలో ఉన్నట్లే పేరు రాయాలి. మిగిలినవాటిని ముందుగానే దానికి సరిచేసుకోవాలి. ఫలితాల తరువాత ఈ పనికి తిరిగితే ఫెలోషిప్ నెలలు వృథా అవుతాయి.

కుల ధ్రువపత్రం విషయంలో రెండు జాబితాలు ఉన్నవి. ఒకటి రాష్ట్రానిది, మరొకటి కేంద్రానిది. రాష్ట్ర జాబితాలో వెనుకబడిన తరగతిగా ఉన్నంత మాత్రాన కేంద్ర ఫెలోషిప్‌కు చెల్లదు. కేంద్ర జాబితాలో పేరు ఉన్నదో లేదో చూసి, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ పత్రం తహసీల్దారు కార్యాలయం నుండి పొందాలి. ఏ రిజర్వేషనులోనూ లేనివారు ఆర్థికంగా బలహీన వర్గాల పత్రం కోసం ప్రయత్నించవచ్చు. దానికి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే ఆదాయం తక్కువైనా అర్హత ఉండదు. మెట్ట భూమి అయినా ఎకరాల లెక్క ఒక్కటే.

విదేశాలకు వెళ్ళదలచినవారికి

అమెరికా విశ్వవిద్యాలయాలలో మంచి తత్త్వశాస్త్ర విభాగాలు డాక్టరేటు విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, అయిదేళ్ళ పాటు వేతనం ఇస్తాయి. దానికి బదులుగా కొంత బోధన చేయవలసి ఉంటుంది. ఫీజు కట్టి రమ్మని పిలిచే డాక్టరేటు సీటును అంగీకరించవద్దన్నది ఆ రంగంలో తరచు చెప్పే సలహా. దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు, జనవరి నెలలు. ఉద్దేశ పత్రం, మూడు సిఫారసు ఉత్తరాలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, వాటితో పాటు సొంతంగా రాసిన తాత్త్విక వ్యాసం పంపాలి. ఈ వ్యాసమే అన్నిటికన్న ముఖ్యం. దీనికి ఏడాది ముందే పని మొదలుపెట్టాలి. ఆర్థిక సహాయంతో కూడిన ప్రవేశానికి జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇచ్చే ఆనవాయితీ అక్కడ ఉన్నది. తొందరపెట్టినా కంగారు పడనక్కరలేదు. అయితే 2025లో అమెరికాలోని కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు మానవీయ శాస్త్రాల డాక్టరేటు సీట్లను తగ్గించినవి. ఆ ఒక్క దేశాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

బ్రిటనుకు కామన్వెల్తు స్కాలర్‌షిప్, ఆక్స్‌ఫర్డుకు క్లారెండన్, కేంబ్రిడ్జికి గేట్స్ స్కాలర్‌షిప్‌లు ఉన్నవి. షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు భారత ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నది. కుటుంబాదాయ పరిమితి 8 లక్షలు. అయితే 2022 మార్గదర్శకాలలో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సాంఘిక అధ్యయనాలకు ఈ సాయం వర్తించదని చేర్చారు. శైవ సిద్ధాంతంపై విదేశంలో పరిశోధించదలచినవారికి ఇది అడ్డంకి కాగలదు. తర్కం, నీతిశాస్త్రం వంటి అంశాలకు ఆ చిక్కు లేదు. దరఖాస్తుకు ముందు ఆ సంవత్సరపు మార్గదర్శకాలు చదవాలి.

మోసాలు

పీహెచ్‌డీ పేరుతో వ్యాపారం చేసేవారు ఉన్నారు. సిద్ధాంత గ్రంథం రాసిపెడతామనేవారు, లక్ష ఇస్తే గౌరవ డాక్టరేటు ఇప్పిస్తామనేవారు, గుర్తింపు లేని విశ్వవిద్యాలయంలో చేర్చేవారు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. డబ్బు కట్టే ముందు అయిదు నిమిషాలు అది చూస్తే చాలు. గ్రంథచౌర్యంపై 2018లో వచ్చిన నియమావళి ప్రకారం సిద్ధాంత గ్రంథంలో 60 శాతానికి మించి ఇతరుల రాతలతో పోలిక తేలితే నమోదు రద్దవుతుంది. కొనుగోలు చేసిన గ్రంథంతో పోయేది డబ్బు మాత్రమే కాదు.

మేనమామ ప్రశ్న

చదివి ఏం చేస్తుంది? దీనికి తీయని జవాబు చెప్పడం తగదు. తత్త్వశాస్త్ర విభాగాలు ఉన్న కళాశాలలు తక్కువ, ఖాళీలు ఇంకా తక్కువ. 2023 జూలై 1 నుండి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్, సెట్ వంటి అర్హత తప్పనిసరి, పీహెచ్‌డీ ఐచ్ఛికం. కనుక ఉద్యోగం దృష్టిలో ఉన్నవారికి మొదట నెట్, తరువాతనే డాక్టరేటు. నెట్ అర్హతకు కాలపరిమితి లేదు. సివిల్ సర్వీసు మెయిన్సు పరీక్షలో తత్త్వశాస్త్రం ఒక ఐచ్ఛిక విషయం. పాఠ్య పుస్తకాల రచన, అనువాదం, ప్రచురణ రంగాలలో రెండు మూడు భాషలు తెలిసినవారికి పని ఉన్నది. అయినా ఈ చదువు ముగియగానే ఉద్యోగం ఎదురుచూస్తూ ఉంటుందని ఏ కుటుంబమూ అనుకోరాదు.

అందుచేత ఇంట్లో కూర్చొని ముందుగానే ఒక ఒప్పందం చేసుకోవడం మేలు. నెట్‌కు ఎన్నిసార్లు ప్రయత్నించాలి? రెండేళ్ళు, నాలుగు ప్రయత్నాలు అనుకోవచ్చు. ఆ కాలంలో విద్యార్థి ట్యూషను చెప్పుకొనో, చిన్న ఉద్యోగం చేసుకొనో తన ఖర్చు తాను చూసుకోవాలి. పెద్దలు పెళ్ళి మాట, భూమి మాట ఎత్తకుండా ఆ కాలాన్ని ఇవ్వాలి. ఫెలోషిప్ వస్తే ఎవరి ఆస్తీ కరగకుండా చదువు సాగుతుంది. రాకపోతే ఎం.ఏ. పట్టా, చదివిన తర్కం ఎక్కడికీ పోవు. పిల్ల మరో దారిన వెళ్ళవచ్చు, ఇంటికి అప్పు మిగలదు.

తిరుత్తణి విద్యార్థి దారిని మార్చినవి ఒక బంధువు చదివి ఇచ్చిన పుస్తకాలు. మన ఊళ్ళలో నెట్ రాసి నెగ్గినవారు, నెగ్గనివారు కూడా తమ పుస్తకాలను, పాత ప్రశ్నపత్రాలను, నింపిన దరఖాస్తు నకలును పాత కాగితాలవానికి తూచి వేయకుండా పక్క వీధి పిల్లకు అందజేస్తే, ఆ పిల్ల కనీసం ఒక సంవత్సరం ముందుగా బయలుదేరగలదు.